పలక గనుల్లో ప్రాణరక్షణ

తెలుగువారి ఇంట అక్షరాభ్యాసం ఒక చిన్న పండుగ. పళ్లెంలో పరచిన బియ్యం మీద శిశువు చేత ఓనమాలు దిద్దించిన తరువాత ఆ లేతచేతికి అందే తొలి విద్యాసాధనం పలక. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం అనే మూడు పనుల మీదనే ఎన్నో తరాల చదువు సాగింది. చెక్క చట్రంలో బిగించిన నల్లని రాతిపలకలు మార్కాపురం నుండి మన రాష్ట్రానికే గాక దేశంలోని అనేక ప్రాంతాల బడులకు చేరాయి. ఊరి పేరు, వస్తువు పేరు కలిసిపోయి 'మార్కాపురం పలక' అన్న మాట జనవ్యవహారంలో స్థిరపడింది. అయితే ఆ పలకను భూమి నుండి ఎవరు వెలికితీశారో, పొరలుగా ఎవరు చీల్చారో, ఆ పనిలో వారి శరీరం ఏమి భరించిందో పలక మీద రాసి ఉండదు. ఈ పాఠం ఆ విషయాన్ని గురించినది.

నల్లమల కొండలకు తూర్పున మార్కాపురం, పెద్దారవీడు, తర్లుపాడు, కంభం పరిసరాల నేల కింద విస్తరించిన శిలాసమూహాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరుతోనే వ్యవహరిస్తారు. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం జలాల అడుగున పేరుకొన్న సన్నని బురద మొదట గట్టిపడి శిల అయింది. తరువాత భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ లోనై పలకరాయిగా రూపాంతరం చెందింది. ఆ ఒత్తిడిలో అభ్రకం వంటి రేకు ఖనిజాలన్నీ ఒకే దిశలో అమరాయి. అందువల్లనే ఉలిని తగిన చోట ఆనించి సుత్తితో తట్టితే ఆ రాయి పుస్తకంలోని పుటల వలె విడివడుతుంది. ఈ గుణమే పలకను పలక చేసింది. కాగా, అదే రాతిలో స్ఫటికం కూడా ఉంది. శాస్త్ర పరిభాషలో దీనిని స్వేచ్ఛా సిలికా అంటారు. పలకకు గట్టిదనాన్ని ఇచ్చే పదార్థాలలో ఇది ఒకటి. కార్మికుని ఊపిరితిత్తులను గట్టిపరచేది కూడా ఇదే.

పశ్చిమ ప్రకాశం అని జనం పిలుచుకొనే ఈ సీమ వర్షాధారమైనది. 1970లో కొత్త జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో భాగాలు. జిల్లా మారినా వానల తీరు మారలేదు. చేను పండిన ఏడు చేలోను, ఎండిన ఏడు క్వారీలోను పని వెదకుకొనే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఇటువంటి మనిషిని ఏమి పని చేస్తావని అడిగితే సేద్యమనో కూలి అనో చెబుతాడు కాని, గని కార్మికుడనని చెప్పుకోడు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. రోగం వచ్చిన నాడు, నష్టపరిహారం అడిగిన నాడు ఈ చిన్న విషయమే పెద్దదవుతుంది. దానిని ముందు ముందు చూద్దాం.

నోటు పుస్తకాలు చౌకై, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత రాతిపలకకు గిరాకీ తగ్గింది. పరిశ్రమ మూతపడక మరొక దారి వెదకుకొంది. అదే రాతిని నేలకు పరిచే, గోడలకు అతికించే టైల్స్‌గా కోసి విదేశాలకు ఎగుమతి చేయసాగింది. నలుపే గాక ఆకుపచ్చ, తుప్పు రంగు, అనేక వర్ణాలు కలగలిసిన పలకరాయికి కూడా విలువ వచ్చింది. వ్యాపార దృష్టితో చూస్తే ఇది ప్రశంసనీయమైన మార్పు. ఆరోగ్య దృష్టితో చూస్తే మాత్రం ఆలోచించవలసినది. ఉలితో పొర చీల్చినప్పుడు ఎక్కువగా రాలేది పెచ్చులు, రజను. విద్యుత్తుతో తిరిగే రంపం రాతిని కోసినప్పుడు లేచేది కంటికి కనిపించనంత సన్నని ధూళి. పని తేలికైంది, వేగం పెరిగింది, దానితోపాటు గాలిలో కలిసే సిలికా కూడా పెరిగింది.

ఈ పరిశ్రమ చరిత్రలో పిల్లల ప్రస్తావన లేకుండా ముందుకు సాగరాదు. 1986లో బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. 14 ఏళ్లు నిండని పిల్లలను పెట్టుకోరాదని ఆ చట్టం పేర్కొన్న పనులలో రాతి బలపాల తయారీ ఒకటి. మరుసటి సంవత్సరం ప్రకటించిన జాతీయ బాలకార్మిక విధానం, పిల్లలు అధికంగా పనిచేస్తున్న కొన్ని కేంద్రాలను ఎంచుకొని అక్కడ ప్రత్యేక పథకాలను నిర్దేశించింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి సామగ్రి వంటి పరిశ్రమల సరసన మన రాష్ట్రం నుండి రెండు పేర్లు చేరాయి. జగ్గంపేట పెంకుల పరిశ్రమ ఒకటి, మార్కాపురం పలకల పరిశ్రమ మరొకటి. మధ్యప్రదేశ్‌లో బలపాలు తయారుచేసే మందసౌర్ కూడా అదే జాబితాలో ఉంది. ఒక చోట పలక, ఒక చోట బలపం. దేశంలోని బిడ్డలు చదువుకోవడానికి కావలసిన ఈ రెంటి తయారీలోను బడికి వెళ్లని బిడ్డల చేతులు ఉన్నాయని ప్రభుత్వమే అంగీకరించిన సందర్భం అది. ఇంతకంటె చేదైన వైరుధ్యాన్ని కల్పించడం కవులకు కూడా కష్టమే.

ఇక గనిలోని ప్రమాదాల విషయానికి వద్దాం. ఇవి రెండు విధాలు. ఒకటి కంటికి కనిపించేది, రెండవది కనిపించనిది. కనిపించే వాటిలో ప్రధానమైనది గోడ విరిగిపడటం. పలకరాయి పొరలుగా విడివడుతుందని చెప్పుకొన్నాం. చేతిలోని రాయిని ఉలి విడదీసినట్లే క్వారీ గోడలోని పొరలను వాననీరు విడదీస్తుంది. పొరలు గుంత వైపు వాలి ఉన్నచోట నీరు ఇంకితే పైపొర జారడానికి ఎంతో సమయం పట్టదు. దీనికి తోడు, మంచి రాయి అడుగున కనిపించినప్పుడు పైభాగాన్ని అలాగే వదలి కింది భాగాన్ని తొలుచుకొంటూ పోవాలన్న ఆశ కలుగుతుంది. పైమట్టిని, పనికిరాని రాతిని తొలగించడానికి అయ్యే ఖర్చు మిగులుతుంది గదా! అలా తొలిచిన గోడ కింద కూర్చుని పనిచేసే వానికి ఆ మిగులులో పాలు ఉండదు.

1961లో రూపొందిన లోహగనుల నియమావళి ఈ ఆశకు అడ్డుకట్ట వేసింది. పేరులో లోహమని ఉన్నా, బొగ్గు, చమురు తప్ప తక్కిన ఖనిజాల గనులు దీని పరిధిలోకి వస్తాయి. మెత్తని నేలలోను, మట్టిలోను గోడను 45 డిగ్రీలకు మించని వాలుగానైనా ఉంచాలి, లేదా మెట్లు మెట్లుగానైనా తవ్వాలి. ఒక్కొక్క మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించరాదు, దాని వెడల్పు ఎత్తు కంటె తక్కువ కారాదు. గట్టి రాతిలోనైనా మెట్టు ఎత్తు 6 మీటర్లు దాటరాదు. గోడను కిందనుండి తొలచడం ఎక్కడైనా నిషిద్ధమే. ఈ అంకెలు ఆకాశం నుండి ఊడిపడినవి కావు. మనిషి నిలువెత్తుకు లోబడిన మట్టి జారితే తప్పించుకొనే అవకాశం ఉంటుంది. అంతకు మించిన గోడ ఒక్కసారిగా కూలితే ఉండదు. మెట్టు వెడల్పుగా ఉంటే పైనుండి రాలిన రాయి ఆ మెట్టు మీదనే ఆగిపోతుంది. వాక్యం శుష్కంగా కనిపించినా దాని వెనుక ఎవరి మరణమో ఉంటుంది. నియమావళులను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే ఆ భాష అంత నీరసంగా తోచదు.

నియమం ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదనడానికి నిదర్శనాలు మన పొరుగునే ఉన్నాయి. 2025 ఆగస్టు 3న అప్పటి బాపట్ల జిల్లాలోని బల్లికురవ వద్ద గ్రానైట్ క్వారీలో రాతిబండలు విరిగిపడి ఒడిశా నుండి వచ్చిన ఆరుగురు కార్మికులు మరణించారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2021 మే 8న, గిద్దలూరుకు దక్షిణాన కడప జిల్లా కలసపాడు మండలంలోని మామిళ్లపల్లె దగ్గర ఒక గని వద్ద జిలెటిన్ స్టిక్స్‌ను వాహనం నుండి దించుతుండగా పేలుడు సంభవించి పదిమంది ప్రాణాలు కోల్పోయారు. పేలుడు పదార్థాలను తరలించడానికి ప్రత్యేక అనుమతి గల వాహనం, దించడానికి శిక్షణ పొందిన మనిషి, పేల్చడానికి ధ్రువపత్రం గల బ్లాస్టర్ ఉండాలని శాసనం చెబుతుంది. డిటోనేటర్లను, జిలెటిన్‌ను కలిపి ఒకే చోట పెట్టరాదు. పేలకుండా మిగిలిన మందును గడ్డపారతో పెకలించరాదు. పలక క్వారీలలో పేలుడు వాడకం మిగిలిన క్వారీల కంటె తక్కువ. పేలుడు అదురుకు పొరలు చిట్లి రాయి పాడవుతుంది కాబట్టి, పైనున్న పనికిరాని రాతిని తొలగించడానికి మాత్రమే దానిని ఉపయోగిస్తారు. తక్కువగా వాడేచోటనే అలవాటు లేని చేతులు దానిని ముట్టుకొంటాయి. ఆ విధంగా తక్కువ వాడకం తక్కువ ప్రమాదం కాదు.

గోడ కూలితే ఊరంతా చేరుతుంది, పత్రికలు రాస్తాయి, అధికారులు వస్తారు. రెండవ ప్రమాదానికి అటువంటి సందడి లేదు. అది ధూళి రూపంలో రోజుకు కొంత చొప్పున శరీరంలో ప్రవేశిస్తుంది.

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 మైక్రాన్ల లోపు ఉన్న సిలికా రేణువు ముక్కులోని వెంట్రుకలను, శ్వాసనాళంలోని జిగురును దాటుకొని ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల వరకు పోగలదు. అక్కడ మన శరీరపు కావలి కణాలు దానిని మింగివేయడానికి ప్రయత్నిస్తాయి. సూక్ష్మజీవినైతే జీర్ణించుకొంటాయి కాని, స్ఫటికాన్ని జీర్ణించుకోలేవు. మింగిన కణమే చచ్చిపోతుంది, రేణువు మళ్లీ బయటపడుతుంది, మరొక కణం దానిని మింగుతుంది. ఈ నిరంతర సంఘర్షణలో ఊపిరితిత్తి తనను తాను గాయపరచుకొని మచ్చకట్టుకొంటుంది. మెత్తని స్పాంజి వలె ఉండవలసిన అవయవం గట్టి ముద్దలుగా మారుతుంది. దీనినే సిలికోసిస్ అంటారు. సాధారణంగా పదేళ్లకు పైబడి ధూళిలో పనిచేసిన వారికి ఇది బయటపడుతుంది. ధూళి మితిమీరిన చోట ఐదేళ్లకే, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలకే వస్తుంది. గట్టిపడిన ఊపిరితిత్తిని తిరిగి మెత్తపరచే ఔషధం లేదు. పని మానివేసిన తరువాత కూడా వ్యాధి ముదిరే అవకాశం ఉంది. స్ఫటిక రూపంలోని సిలికా క్యాన్సర్ కారకమని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది.

రాళ్లు కొట్టే వారి ఊపిరితిత్తులలో రాతిధూళి పేరుకొంటుందని ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జిని 1700లోనే గ్రంథస్థం చేశాడు. రోగిని పరీక్షించేటప్పుడు 'నీ వృత్తి ఏమి?' అన్న ప్రశ్న కూడా అడగాలని వైద్యలోకానికి బోధించినవాడు ఆయనే. మూడు శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న అడగని ఆసుపత్రులు చాలా ఉన్నాయి. సిలికోసిస్ రోగికి దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉంటాయి. క్షయ రోగికీ ఇవే ఉంటాయి. సిలికా నిండిన ఊపిరితిత్తులకు క్షయ సోకే అవకాశం కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. వృత్తిని గురించి అడగకుండా క్షయకు మాత్రమే మందులు ఇచ్చి పంపితే, రోగి ఆ మందులు వాడుతూనే మళ్లీ రంపం దగ్గరకు పోయి కూర్చుంటాడు.

మందసౌర్ అనుభవం ఇక్కడ చెప్పుకోదగినది. అక్కడ రాతిని పొడి రంపాలతో కోసి బలపాలు చేసేవారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు 593 మంది కార్మికులను పరీక్షించి 1985లో ఫలితాలను ప్రకటించారు. సగానికి పైగా కార్మికులకు సిలికోసిస్ ఉన్నట్లు ఎక్స్-రే చిత్రాలు చూపాయి. యౌవనం దాటకముందే భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు ఆ గ్రామాలలో ఎందరో ఉన్నారు. మధ్యప్రదేశ్ శాసనసభ 1982లో బలపాల కార్మికుల సంక్షేమ నిధి కోసం ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. అనంతరం యంత్రాలకు ధూళిని పీల్చే పరికరాలను అమర్చగా గాలిలో ధూళి తగ్గింది. వ్యాధికి మందు లేదు కాని, ధూళికి మందు ఉందని దీనివల్ల తెలుస్తోంది.

ఆ మందులలో అన్నిటికంటె సులభమైనది నీరు. రంపపు అంచు రాతిని తాకే చోట సన్నని నీటిధార పడుతూ ఉంటే ధూళి లేవకముందే బురదగా మారుతుంది. రాతిలో రంధ్రాలు వేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ముఖానికి చుట్టుకొన్న కండువా ఈ పని చేయలేదు. నూలు పోగుల మధ్య ఖాళీలు ఆ రేణువులకు రాజవీథుల వంటివి. కండువాను తడిపి కట్టుకొన్నా పెద్ద రజను ఆగుతుంది తప్ప ప్రాణం తీసే సన్నని ధూళి పూర్తిగా ఆగదు. నల్లని దుమ్ము కండువాకు అంటుకోవడం చూసి రక్షణ దొరికిందని కార్మికుడు నమ్ముతాడు. ఆ నమ్మకమే అతనిని మరింత సేపు ధూళిలో నిలబెడుతుంది.

అయితే నీరు చల్లండి అని ఈ ప్రాంతంలో చెప్పడం సులువు కాదు. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే గ్రామాలకు పొరుగున ఉన్న షెడ్లు ఇవి. నీరు లేదన్న మాట అన్నివేళలా సాకు కాదని నా అభిప్రాయం. కాని కోతకు వాడిన నీరు ఇంకిపోదు, ఆవిరైపోదు. అందులో చాలా భాగం బురదతో కలిసి షెడ్డు వెనుక గుంటలోకి పోతుంది. ఆ బురదనీటిని వరుసగా రెండు మూడు తొట్లలోకి మళ్లించి తేరనిస్తే చివరి తొట్టిలోని నీటిని మళ్లీ రంపానికి పంపవచ్చు. రోజూ కొత్తగా కలపవలసినది కొద్ది భాగమే. అడుగున మిగిలిన మడ్డిని తడిగా ఉన్నప్పుడే తొలగించాలి. ఎండిన తరువాత చీపురుతో ఊడిస్తే నీటిలో బంధించిన ధూళినంతా మళ్లీ గాలిలోకి లేపినట్లే. ఊడ్చే పని సాధారణంగా స్త్రీలదే కనుక ఈ జాగ్రత్త వారికి మరింత అవసరం.

ఇప్పుడు శాసనాల విషయం. గనుల మీద రాజ్యపు పర్యవేక్షణ మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆకరాధ్యక్షుడు అన్న అధికారి ప్రత్యేకంగా ఉన్నాడు. ఆకరమంటే గని. ఆయన దృష్టి ప్రధానంగా ఖనిజాన్ని గుర్తించడం మీద, రాబడి మీద. గనిలో దిగినవాని ఊపిరి కూడా రాజ్యం పట్టించుకోవలసిన విషయమేనన్న భావన ఆధునిక కాలానిది. మన దేశంలో 1901లో తొలి గనుల చట్టం వచ్చింది. 1902 జనవరి 7న తనిఖీ వ్యవస్థ ఏర్పడింది. ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ దాని నేటి రూపం. స్వాతంత్ర్యానంతరం 1952లో సమగ్రమైన గనుల చట్టం, 1955లో దాని నిబంధనలు వచ్చాయి.

రాజ్యాంగం గనులలోని కార్మికుల భద్రతను కేంద్ర జాబితాలో 55వ అంశంగా చేర్చింది. పలకరాయి తవ్వుకోవడానికి లీజు ఇచ్చేది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. 2015లో చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించిన 31 ఖనిజాలలో పలకరాయి కూడా ఉంది. తవ్విన రాతిని కోసే షెడ్డు గని పరిధికి వెలుపల ఉంటే అది ఫ్యాక్టరీల శాసనం కిందికి వస్తుంది. దానిని తనిఖీ చేసేది రాష్ట్ర యంత్రాంగం. ఒకే రాయి, ఒకే ధూళి, తరచు ఒకే మనిషి. గుంతలో ఉన్నప్పుడు ఒక ప్రభుత్వం, షెడ్డులో ఉన్నప్పుడు మరొక ప్రభుత్వం అతని క్షేమానికి బాధ్యులు. రెండు చోట్ల పీల్చిన ధూళి మాత్రం ఒకే ఊపిరితిత్తిలో చేరుతుంది.

1952 చట్టంలోని 3వ సెక్షనును విద్యార్థులు నిదానంగా చదవాలి. కొన్ని చిన్న క్వారీలకు ఆ చట్టం నుండి మినహాయింపు ఇచ్చిన సెక్షను అది. కంకర, మొరం, గులకరాయి, ఇల్లు కట్టే రాయి వంటి వాటితోపాటు పలకరాయి పేరు కూడా అందులో స్పష్టంగా ఉంది. మినహాయింపు పొందాలంటే ఉపరితలంలో తవ్వే గనికి మూడు షరతులు. తవ్వకంలో అత్యంత ఎత్తైన చోటు నుండి అత్యంత లోతైన చోటుకు కొలిస్తే లోతు ఎక్కడా 6 మీటర్లకు మించరాదు. ఏ ఒక్క రోజునైనా పనివారి సంఖ్య 50కి మించరాదు. పేలుడు పదార్థం వాడరాదు. మూడూ పాటించినప్పుడే మినహాయింపు, ఒక్కటి తప్పినా పూర్తి చట్టం వర్తిస్తుంది. తప్పిన వెంటనే యజమాని సంబంధిత అధికారికి తెలియజేయాలని కూడా ఆ సెక్షనులోనే ఉంది. తనిఖీ అధికారి లోనికి ప్రవేశించే హక్కు, 18 ఏళ్లు నిండని వారిని పనిలో పెట్టరాదన్న నిషేధం మినహాయింపు పొందిన గనులకు సైతం తప్పలేదు.

ఈ సెక్షనులో కీలకమైన పదం 'ఎక్కడా' అన్నది. గుంత సగటు లోతు కాదు, ఏదో ఒక మూల కొలిచిన లోతు కాదు. పైపొరలలోని పలకరాయి ఎండకు వానకు పెళుసుబారి ఉంటుంది. గట్టి రాయి కోసం లోపలికి పోవలసినదే. నాలుగు మీటర్లు, ఐదు మీటర్లు, ఐదున్నర. ఆరు మీటర్లు దాటిన రోజున గంట ఏదీ మోగదు. నిన్నటి మనుషులే, నిన్నటి గడ్డపారలే, నిన్నటి కూలియే. కాని ఆ సాయంకాలానికి శాసనం దృష్టిలో ఆ గుంత పూర్తి స్థాయి గని అయింది. మెట్ల కొలతలు, అర్హత గల మేనేజరు, మైనింగ్ మేట్ తనిఖీ, వైద్యపరీక్షలు అన్నీ ఆ క్షణం నుండి విధిగా ఉండవలసినవే. ఆ రోజును గుర్తించి తెలియజేయవలసినవాడు యజమాని. గుర్తించకపోవడంలో లాభం ఉన్నవాడు కూడా అతడే. చట్టం రూపొందించిన వారు ఈ చిక్కును ఊహించలేదని అనుకోలేము. కొలతబద్దను మాత్రం గుంత యజమాని చేతిలోనే వదిలారు.

పూర్తి చట్టం వర్తించడం వల్ల కార్మికునికి కలిగే ప్రయోజనాలలో హెల్మెట్, బూట్లు అందరికీ తెలిసినవే. వాటికంటె విలువైనది ఒక పుస్తకం. 48వ సెక్షను ప్రకారం గనిలో పనిచేసే ప్రతి వ్యక్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయస్సు, పని స్వభావం, పనిలో చేరిన తేదీ ఒక రిజిస్టరులో నమోదు కావాలి. ఆ వివరాల పక్కన కార్మికుని సంతకమో వేలిముద్రో ఉండాలి. మినహాయింపు పొందిన క్వారీకి ఈ సెక్షను వర్తించలేదు. అక్కడ మస్టరు అంటే మేస్త్రి జేబులోని చిన్న పుస్తకం. వారం కూలి చెల్లించగానే దాని పని తీరిపోతుంది.

ఆ రిజిస్టరు లేనివాని గతి ఏమిటో ఆలోచించండి. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వృత్తివ్యాధుల జాబితాలో సిలికోసిస్‌ను చేర్చింది. 1952 చట్టంలోని 25వ సెక్షను ఇటువంటి వ్యాధి కనిపిస్తే యజమాని, చికిత్స చేసిన వైద్యుడు కూడా తనిఖీ శాఖకు తెలపాలని ఆదేశించింది. 1955 నిబంధనలు ఐదేళ్లకు ఒకసారైనా వైద్యపరీక్ష జరపాలన్నాయి. కార్మికుల ఆరోగ్య హక్కు జీవించే హక్కులో భాగమేనని 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది. హక్కులకు కొరత లేదు. ఆ హక్కుల ద్వారం దగ్గర అడిగే మొదటి ప్రశ్నకే జవాబు దొరకదు. 'నీవు అక్కడ పనిచేశావనడానికి ఆధారం ఏది?' పదిహేనేళ్లలో ఎనిమిది క్వారీలలోను, నాలుగు షెడ్లలోను పనిచేసిన మనిషి, మధ్యలో రెండేళ్లు సేద్యం చేసిన మనిషి, ఏ కాగితం చూపగలడు? ప్రతి యజమానీ ఆ ధూళి తన గనిది కాదంటాడు. ఎక్స్-రేలో మచ్చలు కనిపిస్తాయి కాని, వాటి మీద క్వారీ పేరు ఉండదు.

రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఊపిరితిత్తుల ధూళివ్యాధుల కోసం ప్రత్యేక విధానం ప్రకటించింది. వ్యాధి నిర్ధారణ అయితే చాలు, యజమాని ఎవరో రుజువు చేసేవరకు ఆగకుండా ప్రభుత్వమే సహాయం అందించే ఏర్పాటు అందులో ఉంది. రోగికి ఊరట త్వరగా దొరుకుతుంది కాబట్టి అది మెచ్చదగినదే. ధూళి లేపినవాని బాధ్యత మాత్రం ఇందులో కనుమరుగు కాకుండా చూడవలసి ఉంది.

1952 చట్టంతో సహా 13 కేంద్ర చట్టాలను కలిపి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిని పార్లమెంటు 2020లో ఆమోదించింది. అది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. కొత్త నిబంధనలు ఏర్పడేవరకు, స్మృతికి విరుద్ధం కానంత మేరకు పాత నియమాలు కొనసాగే ఏర్పాటు ఉంది. నిర్ణీత వర్గాల కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష జరపడం యజమాని విధి అయింది. మరొక వైపు, ఫ్యాక్టరీ అన్న నిర్వచనం కిందికి రావడానికి 1948 చట్టంలో విద్యుత్తు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది కార్మికులు ఉంటే సరిపోయేది. స్మృతి ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. పన్నెండు మందితో నడిచే కోత షెడ్డు ఈ లెక్కన ఫ్యాక్టరీ కాదు. రాతిని కోసే రంపానికి తన చుట్టూ ఎందరు ఉన్నారో తెలియదు కదా! అపాయకరమైన పనులను ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే ఒక్క కార్మికుడు ఉన్నచోటికి సైతం స్మృతిని వర్తింపజేసే వీలు ఉంది. పొడి రంపంతో రాతిని కోయడం అటువంటి పనుల కోవలోకి రావడం న్యాయమని నేను భావిస్తాను.

స్మృతిలో పలక కార్మికునికి ఎక్కువగా పనికివచ్చే అంశం మరొకటి ఉంది. ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి చేయబడింది. పెద్ద సంస్థలలో ఇది సామాన్యమైన కాగితం. పెద్దారవీడు వైపు ఊళ్ల నుండి పొద్దున్నే పనికి బయలుదేరే మనిషికి అది తన వృత్తి పేరును మొట్టమొదటిసారిగా చూపే పత్రం. అందులో పని స్వభావం అన్నచోట 'కూలి' అని కాక 'పలకరాయి కోత' అనో 'క్వారీలో రాయి తీయడం' అనో రాసి, తేదీ వేసి, ఒక ప్రతిని అతని చేతికి ఇవ్వాలి. పదిహేనేళ్ల తరువాత దగ్గుతో, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లిన రోజున రామజ్జిని అడగమన్న ప్రశ్నను వైద్యుడు అడగడం మరచినా, ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టవచ్చు.